నీళ్ళకి చెప్పిన కల

నూకరత్నం నిద్ర సంగతి చేపల రేవులో అందరికీ తెలుసు. తెల్లారకముందే వేలానికి వెళ్ళి, గొంతు చించుకుని బేరాలాడి, గంపలు ఖాళీ చేసి ఇంటికొచ్చి రెండు ముద్దలు తింటుంది. ఒంటిగంటకి నడుం వాల్చిందంటే ఇక పక్కన టపాకాయలు పేల్చినా లేవదు. మూడింటికి తనంతట తానే కళ్ళు తెరుస్తుంది. అలాంటి నిద్ర పోగల మనిషి కోసం ఆమె చెల్లెలు డాక్టర్ మంగవేణి నాలుగేళ్ళు ఊరూరా వెతికింది. చివరికి ఒకరోజు సొంత అక్కే క్యారేజీ తెచ్చి ఇచ్చి, ప్రయోగశాల మంచం ఖాళీగా ఉంది కదా అని పడుకుని గుర్రు పెట్టింది. అప్పుడు గాని మంగవేణికి బుద్ధి రాలేదు.

ఆ ప్రయోగశాల విశాఖలో కొండ మీద ఒక పాత బంగళాలో ఉండేది. రెండు గదులు, ఒక వరండా, వెనక పెరట్లో ఒక కొళాయి. పనిచేసేవాళ్ళు ఇద్దరే, మంగవేణి, ఆమె కన్నా పదేళ్ళు చిన్నవాడైన బషీర్. పని ఏమిటో చెప్పాలంటే మంగవేణికే మొదట్లో సిగ్గేసేది. ఒక యంత్రం డెబ్భై ఎనిమిది టారో కార్డుల్లోంచి ఒకదాన్ని తీసి, నల్ల కవర్లో వేసి అంటించేస్తుంది. ఏ కార్డో ఎవరికీ తెలియదు. పడుకున్న మనిషి తలకి తీగల టోపీ తొడుగుతారు. లేచాక కల ఏమొచ్చిందో చెప్పమంటారు, తర్వాత కవరు చింపి చూస్తారు. జాతకాలు చెప్పుకునే ముక్కలతో సైన్సేమిటి తల్లీ అని నవ్వినవాళ్ళు నవ్వారు. చిన్నప్పట్నుంచీ చూసి ఎరగని బొమ్మలైతేనే కలలో తేలిగ్గా గుర్తుపట్టొచ్చు, అందుకే ఇవి అని ఆమె చెబితే ఇంకా నవ్వారు.

నూకరత్నం మాత్రం నవ్వలేదు. ఆ పరాయి బొమ్మలన్నిటికీ తన పేర్లు తను పెట్టేసుకుంది. ఒంటికాలి మీద వేలాడేవాడు తలకిందులోడు. తెల్లగుర్రం మీద పుర్రె ముఖంతో వచ్చేవాడు ఎముకల రౌతు. చెంబులతో నీళ్ళొంపే అమ్మాయి నీళ్ళ పిల్ల. భుజాన మూట తగిలించుకుని కొండ అంచున నిలబడ్డ కుర్రాడు మూటోడు. నిద్ర లేచి జుట్టు ముడేసుకుంటూ చెప్పేది.

"ఇయ్యాల తలకిందులోడు మా రేవులో స్తంభానికి ఏలాడి కానాగంత సేపలు బేరమాడినాడే. ఆడి ముఖానికి బేరం కూడానా!"

కవరు చింపితే తలకిందులోడే ఉండేవాడు.

కల కార్డుని తాకిన క్షణాన, టోపీ తీగలు కలిపిన తెర మీద గీత పళ్ళు పళ్ళుగా లేచేది. బషీర్ దానికి దువ్వెన అని పేరు పెట్టాడు. దువ్వెన వచ్చిందంటే చూసినట్టే, కవరు చింపక ముందే ఒప్పేసుకోవచ్చు. దువ్వెన రాకపోతే అది ఉత్త కల.

అసలు గుట్టు ఏప్రిల్లో బయటపడింది. రేవులో తొందర పని ఉండి నూకరత్నం రెండుమూడు రోజులు లేవగానే కల చెప్పేసి, కవరు చింపేదాకా ఆగకుండా వెళ్ళిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దువ్వెన లేదు. మంగవేణి కావాలని పరీక్ష పెట్టింది. కల చెప్పించుకున్నాక నాణెం ఎగరేసి, బొమ్మ పడితే అక్కకి కార్డు చూపించేవారు, బొరుసు పడితే చూపించకుండానే లోపల పెట్టేసేవారు. చూపించిన ప్రతిరోజూ అంతకు ముందే దువ్వెన వచ్చి ఉండేది. చూపించని రోజు ఒక్కటంటే ఒక్కసారి కూడా రాలేదు. అంటే అక్క కవరు లోపలికి తొంగిచూడటం లేదు, తన కళ్ళు ఇకమీదట చూడబోయేదాన్ని ముందుగా చూసేస్తోంది. ఆ సాయంత్రం మంగవేణికి అన్నం సహించలేదు, సంతోషంతోనే.

అక్కడితో ఊరుకుంటే మంగవేణి ఎందుకవుతుంది? కల ఇవాళ, కవరు చింపడం వారానికి అంది. తర్వాత నెలకి అంది. ఏ కవరు ఏ తేదీన చింపాలో బషీర్ ఒక్కడే నిర్ణయించి, దాని మీద రాసి రెండు తాళాల బీరువాలో పెట్టేవాడు. ఒక తాళంచెవి అతని దగ్గర, ఇంకోటి ఆమె దగ్గర. పడుకునే మనిషికి తేదీ తెలియనివ్వరు. జూన్ ఇరవైన పెట్టిన కవరు అరవై రోజుల తర్వాత చింపాల్సింది. దువ్వెన వచ్చింది. మర్నాటి కవరు అరవయ్యొక్క రోజులది. రాలేదు. ఆ తర్వాత అంతకన్నా దూరం ఎన్నిసార్లు పెట్టినా రాలేదు. చూపు అరవై రోజుల వరకే ఆనుతుందని మంగవేణి రిపోర్టు రాసేసింది. ఢిల్లీ నుంచి కమిటీ ఆగస్టు ఇరవై అయిదున వస్తామని, అప్పటికి చింపని దూరపు కవర్లన్నీ తమ ఎదురుగా, కల కన్న మనిషి ఎదురుగా చింపాలని రాసింది. వాళ్ళు ఒప్పుకుంటే ప్రయోగశాల ఉంటుంది, లేదంటే బంగళాకి తాళం పడుతుంది. పదకొండేళ్ళ పని ఆ బీరువాలో ఉంది.

జూన్ చివర్నుంచి ఇంకో సంగతి జరుగుతోంది. దువ్వెన రాని రోజున నూకరత్నం లేవగానే తిన్నగా పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, ధార ముందు వంగి నిలబడేది. పెదాలు కదిలేవి. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఏదో ఒక కల చెప్పేది, నీళ్ళ పిల్లనో మూటోడినో చూశానని. పీడకల మనిషికి చెబితే నిజమవుతుంది, పారే నీళ్ళకి చెబితే కొట్టుకుపోతుంది అని వాళ్ళమ్మ అప్పచెల్లెళ్ళిద్దరికీ నేర్పింది. కొళాయి దగ్గరున్న మనిషిని ఏమిటని అడక్కూడదని కూడా నేర్పింది. అందుకే మంగవేణి అడగలేదు. ఎన్ని డిగ్రీలు చదివినా అమ్మ పెట్టిన కట్టుబాటు చెక్కుచెదరలేదు. నిమిషం నిమిషం రాసే రిజిస్టర్లో ఆ చోట మాత్రం "ముఖం కడుక్కుంది" అని రాసి పేజీ తిప్పేసేది.

జులైలో లెక్క చెడింది. నెలా పదిరోజుల కవర్లకి కూడా దువ్వెన రావడం మానేసింది. టోపీ మార్చారు, తీగలు మార్చారు, యంత్రం విప్పి దులిపారు. నెలాఖరుకి మూడు వారాల కవరుకి కూడా దిక్కులేదు. దగ్గర తేదీలకి మాత్రం ఎప్పట్లాగే టంచనుగా వచ్చేది. అరవై రోజులు ఆనిన చూపు ఇరవైకి ఎందుకు పడిపోయిందో ఇద్దరికీ అంతుపట్టలేదు.

ఆగస్టు ఒకటో తేదీ పొద్దున్న, మంగవేణి రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. రోజుల లెక్క వదిలేసి, చింపాల్సిన తేదీలు ఒక కాగితం మీద వరసగా రాసింది. జూన్ ఇరవైన ఆనిన ఆఖరి దూరం అరవై రోజులు, అంటే ఆగస్టు పందొమ్మిది. జులై పదిన ఆనిన ఆఖరి దూరం నలభై రోజులు, అదీ ఆగస్టు పందొమ్మిదే. నిన్న, జులై ముప్ఫయ్యొకటిన, పందొమ్మిది రోజులు. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ పందొమ్మిదే.

చూపు తగ్గలేదు. చూపు ఎప్పట్లాగే ఉంది, అడ్డంగా ఒక తేదీ ఉంది. ఇరవయ్యో తేదీ నుంచి అక్క కళ్ళు ఏ కార్డూ చూడబోవడం లేదు.

బషీర్ వచ్చి కాగితం చూసి, తనూ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. తర్వాత తనే సర్దిచెప్పబోయాడు, కమిటీ రాకపోవచ్చు, ప్రయోగం ఆగిపోవచ్చు, ఊళ్ళో గాలివాన పట్టొచ్చు, కార్డు చూడకపోవడానికి వెయ్యి కారణాలుంటాయి అన్నాడు. వెయ్యిలో ఒకటి మాత్రం ఇద్దరూ పైకి అనలేదు.

ఆ మర్నాడే మంగవేణి అక్కని బలవంతాన ఆసుపత్రికి లాక్కెళ్ళింది. గుండె, ఊపిరితిత్తులు, రక్తం, తలకాయ ఫొటో అన్నీ తీయించింది. నూకరత్నం దారి పొడుగునా సణిగింది. రాయిలా ఉన్నారు, ఉప్పు కాస్త తగ్గించండి చాలు అని డాక్టరు చెప్పాడు. ఎండుచేపలు అమ్ముకుని బతికేదాన్ని ఉప్పు తగ్గించమంటాడేటని బయటికొచ్చాక ఆవిడ ఒకటే నవ్వు. మంగవేణికి నవ్వు రాలేదు. రాయిలాంటి మనిషికి ఏ గండం రాబోతోందో తెలియక ఆమె ప్రతిదానికీ అడ్డుపడింది. రోడ్డు దాటొద్దంది. పడవ ఎక్కొద్దంది. గ్యాసు పొయ్యి దగ్గర చీరకొంగు జాగ్రత్తంది. ఈ గొడవంతా ఏటే మంగా అని అక్క అడిగితే, వయసొస్తోంది కదప్పా అని దాటేసింది. తేదీ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

అలా దాచుకున్నది తనొక్కతే అనుకుంది.

ఆగస్టు తొమ్మిదిన రేవుకి వెళ్తే, అక్క కూర్చునే చోట అక్క కూతురు కొండమ్మ కూర్చుని ఉంది. తక్కెడ కూడా ఆ పిల్ల చేతిలోనే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా నూకరత్నం ఆ తక్కెడ ఇంకో మనిషిని ముట్టుకోనివ్వలేదు. అమ్మ ఇచ్చేసింది పిన్నీ, ఇకమీదట నువ్వే చూసుకోమంది అని కొండమ్మ మురిసిపోతూ చెప్పింది. ఇంకో నాలుగు రోజులకి అక్క క్యారేజీతో పాటు ఒక చిన్న గుడ్డమూట తెచ్చి బల్ల మీద పెట్టింది. విప్పితే అమ్మ ముక్కుపుడక. అమ్మ పోయేనాటికి మంగవేణికి ఎనిమిదేళ్ళు, నూకరత్నానికి పదిహేను. ఆ రోజు నుంచి గంప నెత్తినెత్తుకుని తిరిగి చెల్లెల్ని చదివించింది గాని, ఆ ముక్కుపుడక మాత్రం ఏనాడూ తీయలేదు.

"ఇదేంటప్పా ఇప్పుడు?"

"ఊరికేనే. నీకాడుంటే బాగుంటాదని."

అక్క కళ్ళలోకి చూసే ధైర్యం చాలలేదు మంగవేణికి. అక్క కూడా చూడలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ నెత్తళ్ళ వేపుడు బాగుందని ఒకరికొకరు చెప్పుకుంటూ, మెతుకు గొంతు దిగక కంచాల్లో చేతులు కడిగేశారు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఇటునించి అటు గాని అటునించి ఇటు గాని వెళ్ళి ఉంటే ఇద్దరి గుండెల మీదా రాయి దిగిపోయేది. ఇద్దరూ ఆ తల్లి పిల్లలే, ఏం చేస్తాం!

పద్దెనిమిదో తేదీ పొద్దున్న మంగవేణి బషీర్‌ని పిలిచి అతని తాళంచెవి అడిగింది. ఎందుకన్నాడు. ఇరవై నుంచి చింపాల్సిన నలభై మూడు కవర్లూ కాల్చేస్తానంది. బషీర్ కుర్చీలోంచి లేచిపోయాడు.

"మేడమ్, కమిటీ వచ్చేది వారం రోజుల్లో. ఆ కవర్లు లేకపోతే మన దగ్గర ఏమీ లేదు. పందొమ్మిది దాటనివ్వండి. అక్కగారు క్షేమంగా ఉంటే ఇరవై నుంచి చింపుదాం."

"ఇరవైన అక్క క్షేమంగా ఉండి, నువ్వు కార్డు చూపిస్తే, ఆ చూడటం ఇప్పటికే కలలో వచ్చి ఉండాలి కదా? నలభై మూడు సార్లు రాలేదు బషీర్. అంటే రెండే దారులు. చూడటానికి అక్క లేకపోవాలి, లేదా చూపించడానికి కార్డు లేకపోవాలి. ఈ రెంటిలో ఏదో ఒకటి జరిగి తీరుతుంది. ఏది జరగాలో నేను ఎంచుకుంటున్నాను."

పోనీ ఆవిడకి చూపించకుండా మనమే చింపి దాచుకుందాం అన్నాడు అతను. ఎన్నాళ్ళు దాస్తావంది మంగవేణి. ఆ కార్డు ఏదో ఒక మనిషికి తెలిస్తే చాలు, ఎప్పుడో పేపర్లో పడుతుంది, ఎవరో నోరు జారతారు, పదేళ్ళకైనా అక్క కంట పడుతుంది. పదేళ్ళకి కంటపడేదైనా కలలో రావాల్సిందే, ఇది అంత దూరానా లేదు. ఈ భూమ్మీద ఎవరికీ ఎప్పటికీ తెలియకుండా పోవాలి, అప్పుడే అక్క బతికుండగా కలలో ఖాళీ రావడానికి సరైన కారణం ఉంటుంది. ఇది సైన్సేనా మేడమ్ అని బషీర్ అడిగాడు. సగమే, మిగతా సగం నా అక్క అంది.

అతను వరండాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. ఆ కవర్లలో అతని నాలుగేళ్ళు కూడా ఉన్నాయి. ఎంత గౌరవం ఉన్నా, కోపం వచ్చింది అతనికి, రావడం న్యాయమే. తర్వాత లోపలికొచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టి, పోయిన వారం నూకరత్నం తనతో ఒక మాటంది అని చెప్పాడు. మా సెల్లి పనిలో పడితే తిండి మర్చిపోద్ది, క్యారేజీ తేడానికి నాను లేనినాడు నువ్వు గుర్తుసెయ్యి బాబూ అందట.

పందొమ్మిది పొద్దున్న పదింటికి నూకరత్నం వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఎందుకు కట్టుకున్నావని మంగవేణి అడగలేదు. ఆ రోజు చింపాల్సిన కవర్లు మూడున్నాయి, అన్నిటికన్నా పాతది జూన్ ఇరవై నాటిది. వాటికి దువ్వెన వచ్చింది కాబట్టి అవి చూసేదాకా అక్కకి ఏమీ కాదు, అంతవరకు ఖాయం. భయమంతా చూశాకే. అందుకే మంగవేణి వాటిని జాకెట్లో దోపుకుంది. ముందు మిగతావి బూడిద కావాలి. అక్కని వరండాలో కూర్చోబెట్టి, చిన్న పనుంది, పదినిమిషాల్లో వస్తామని చెప్పి, బషీర్‌తో పెరట్లోకి వెళ్ళింది.

కొళాయి పక్కన పాత ఇనప డ్రమ్ము ఒకటుంది. కవర్లు అందులో పోసి అగ్గిపుల్ల గీసింది. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది కిందపడింది. మూడోది బషీర్ గీశాడు. దళసరి నల్ల కాగితం కదా, ముందు అంచులు ముడుచుకున్నాయి, తర్వాత నల్లగా, జిగటగా, కళ్ళు మండించే పొగ లేచింది. అందులో మాడిన జిగురు వాసన. పదకొండేళ్ళు ఒక్కొక్కటిగా చుట్టుకుపోతుంటే మంగవేణి ఏడవకూడదనుకుంటూనే ఏడుస్తూ నిలబడింది.

వెనక నుంచి దబ్బుమని చప్పుడైంది. తిరిగి చూస్తే నూకరత్నం గుమ్మంలో చతికిలబడిపోయి ఉంది. ఉరికి వెళ్ళి పట్టుకుంది, నాడి చూసింది, ఛాతీ మీద చెయ్యేసి చూసింది. అక్క ఆమె చెయ్యి తోసేసి డ్రమ్ము వంకే చూస్తోంది.

"ఇదే పొగే మంగా. ఇదే."

"ఏ పొగ?"

"నాకు కల్లో వొచ్చీది. నువ్వు ఏడుస్తా నిలబడీదానివి, నల్లటి పొగ. నా సితి అనుకున్నానే. ఒకటి కాదు రెండు కాదు, ఎన్నిసార్లొచ్చిందో. నాను పోతే నీకు దిక్కెవులని నీళ్ళకి సెప్పి సెప్పి నోరు పడిపోయింది."

మంగవేణి ఎవరున్నారో చూసుకోకుండా, అక్క ఒళ్ళో తల పెట్టి ఎనిమిదేళ్ళ పిల్లలా ఏడ్చింది. అక్కది చావు కాదు. అక్క చూసింది కవర్లు తగలబడటం. చచ్చిపోయేంత భయం ఒక్కసారిగా దిగిపోయి, ఆ చోట ఇంకొకటి మెల్లగా తలెత్తింది. కార్డు ముఖం కనపడలేదు కాబట్టి దువ్వెన రాలేదు. కానీ అక్క ఒక్కసారి కూడా తప్పలేదు. నలభై మూడు కలల్లోనూ ఆ కవర్లకి ఏం జరగబోతోందో సరిగ్గా అదే చూసింది. రెండు నెలలు ముందుగా, వాసనతో సహా.

బషీర్‌కి కూడా అదే క్షణాన తట్టింది. అతను డ్రమ్ములో చెయ్యి పెట్టి, సగం కాలిన కవరొకటి బయటికి లాగాడు. వేళ్ళు కాలినా వదల్లేదు. కమిటీకి చూపించడానికి ఒక్కటి మిగిలినా చాలు మేడమ్ అన్నాడు. మంగవేణి లేచి అతని దగ్గరికి వెళ్ళింది. కవరు అంచు కాలిపోయిన చోట రంగు కనిపిస్తోంది, పసుపో ఎరుపో, కాస్త వంగితే ఏ బొమ్మో తెలిసిపోతుంది. ఆ చేతిని చూసింది, గుమ్మంలో కూర్చున్న అక్కని చూసింది. అక్క చూసింది అన్నీ కాలిపోవడం. మంగవేణి కళ్ళు మూసుకుని కవరు అతని చేతిలోంచి తీసుకుని మంటలో వేసేసింది. అతని వేళ్ళు కొళాయి కింద పెట్టించింది.

నీళ్ళ కింద చెయ్యి పెట్టుకునే బషీర్ అడిగాడు, ఈ పొగ కల ఎక్కడైనా రాసుందా అని. మంగవేణి లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చి తిప్పింది. జూన్ ఇరవై ఒకటి, ముఖం కడుక్కుంది. జూన్ ఇరవై మూడు, ముఖం కడుక్కుంది. ఒక్కొక్క పేజీలో తన చేతిరాతే, నలభై మూడు చోట్ల. ఇప్పుడు రాసుకుంటే దానికి విలువ లేదు, జరిగాక ఎవరైనా చెబుతారు. అప్పుడే ఒక్కసారి, కొళాయి దగ్గరికి వెళ్ళి ఏంటప్పా అని అడిగి ఉంటే? ఆ మాట ఆమె జీవితాంతం తనని తాను అడుగుతూనే ఉంటుంది.

జాకెట్లో కవర్లు గుర్తొచ్చి జూన్ నాటిది తీసి అక్క చేతికిచ్చింది. నూకరత్నం చింపింది. మూటోడు. జూన్‌లో ఆవిడ చెప్పింది మూటోడినే. ఎక్కడికో బయల్దేరి, కొండ అంచున, కింద ఏముందో చూసుకోకుండా నవ్వుతున్నాడు. ఈడికి బుద్ధి లేదు అంది నూకరత్నం, ముక్కు చీదుకుంటూ. తర్వాత, ముక్కుపుడక తిరిగిచ్చెయ్యవే అంది.

ఇరవయ్యో తేదీ పొద్దున్నే మంగవేణి ఫోను చేస్తే, అవతల వేలం కేకల మధ్య నూకరత్నం కొండమ్మతో తక్కెడ కోసం దెబ్బలాడుతోంది. మంగవేణి ఫోను పెట్టేయకుండా ఆ గోలంతా వింటూ కూర్చుంది. ఇరవై అయిదున కమిటీ వచ్చింది. అరవై రోజుల లోపు కవర్ల లెక్కలు చూశారు, దూరపు కవర్లు ఎక్కడని అడిగారు. కాల్చేశానంది. ఎందుకని అడిగితే నిజమే చెప్పింది. వాళ్ళలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, ఇంకొకాయన గడియారం చూసుకున్నాడు. నెలాఖరుకి బంగళాకి తాళం పడింది. టోపీని ఏదో పరిశోధన కేంద్రానికి పట్టుకుపోయారు. బషీర్ హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని, వెళ్ళేటప్పుడు మేడమ్ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆమె పట్టుకుని లేపింది. మచ్చ పడ్డ ఆ వేళ్ళని ఒకసారి నిమిరి వదిలేసింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం మంగవేణి అక్క ఇంట్లో ఉంది. పని లేక చేతులు ఊరుకోవడం లేదు, ఎండుచేపలు వేరుచేస్తూ గుమ్మంలో కూర్చుంది. లోపల నూకరత్నం టోపీ లేదు, తీగ లేదు, చాప మీద హాయిగా గుర్రు పెడుతోంది. ఏ కలలు వస్తున్నాయో గీసే గీత లేదు ఇప్పుడు. అదే మంచిదని మంగవేణి తనకి తను చెప్పుకుంటోంది, సగం నమ్ముతూ.

మూడవక ముందే గుర్రు ఆగిపోయింది. నూకరత్నం లేచింది. జుట్టు ముడేసుకోలేదు. చెల్లెలి వంక చూడకుండా పక్కనుంచి దాటుకుని పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. ధార ముందు వంగింది. పెదాలు కదలడం మొదలైంది.

మంగవేణి చేతిలో చేప అలాగే ఉండిపోయింది. అడక్కూడదు. అమ్మ చెప్పింది. నలభై ఒక్క ఏళ్ళ వయసులో కూడా ఆ మాట దాటాలంటే కాళ్ళు లేవలేదు. అయినా లేచింది. నాలుగడుగులు వేసి, అక్క భుజం మీదుగా చెయ్యి చాచి కొళాయి కట్టేసింది. ధార ఆగిపోయింది.

"నీళ్ళకి కాదప్పా. నాకు చెప్పు."

నూకరత్నం నిటారుగా లేచి ఆమె వైపు తిరిగింది. చేతులు కొంగుతో తుడుచుకుంది. తర్వాత కొళాయి గట్టు మీద కాస్త పక్కకి జరిగి, చెల్లెలికి చోటిచ్చింది.

"కూకో," అంది. "సెప్తాను."